కౌన్సెలింగ్ అంటే క్లాస్ పీకడం కాదు: 14416 కి కాల్ చేస్తే ఏం జరుగుతుంది, ఇంట్లో ఎలా అడగాలి?

ఈరోజు ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, యాప్ రివ్యూ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ కూడా లేవు. ఈరోజు కౌన్సెలింగ్ గురించి మాట్లాడుకుందాం. చిన్నపిల్లలకి, టీనేజ్‌లో ఉన్నవాళ్లకి, వాళ్ల ఇంట్లోవాళ్లకి దొరికే సాయం గురించి.

ముందు ఒక చిన్న టెస్ట్. కౌన్సెలింగ్ అనగానే మీ బుర్రలోకి ఫస్ట్ ఏమొచ్చింది? మనలో చాలామందికి ఎంసెట్ కౌన్సెలింగ్ గుర్తొస్తుంది. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్ అయింది కానీ ఇళ్లల్లో ఇంకా ఎంసెట్ అనే అంటాం. సర్టిఫికెట్ వెరిఫికేషన్, వెబ్ ఆప్షన్స్, సీట్ అలాట్‌మెంట్. అదొక కౌన్సెలింగ్.

రెండోది పోలీస్ కౌన్సెలింగ్. తాగి బండి నడిపి దొరికితే కౌన్సెలింగ్. మొగుడూపెళ్లాలు గొడవపడి స్టేషన్‌కి వెళ్తే కౌన్సెలింగ్. రౌడీషీటర్లకి కౌన్సెలింగ్.

మూడోది మన ఫంక్షన్లలో జరుగుతుంది. "మావాడు అస్సలు పుస్తకం ముట్టట్లేదురా, నువ్వు కాస్త కౌన్సెలింగ్ ఇవ్వు" అంటారు. నేను బీటెక్ చేసి కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కదా, ఆ ఒక్క క్వాలిఫికేషన్‌తో పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో ఈ డ్యూటీ నాకు చాలాసార్లు పడింది. ప్లేట్‌లో పులిహోర పెట్టుకుని ఒక టెన్త్ కుర్రాడు నా ఎదురుగా నిలబడతాడు. పక్కనే వాళ్లమ్మ. నేనేం చెప్పినా వాడు "ఊఁ అన్నా, సరే అన్నా" అంటాడు. అంతే, అయిపోయింది కౌన్సెలింగ్.

ఈ మూడింటిలో ఒక కామన్ పాయింట్ ఉంది, గమనించారా? ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ర్యాంకు మాట్లాడుతుంది. స్టేషన్‌లో ఎస్సై గారు మాట్లాడతారు. ఫంక్షన్‌లో నాలాంటివాడు మాట్లాడతాడు. ఆ పిల్లాడు మాత్రం మూడు చోట్లా వింటూ నిలబడతాడు.

అసలైన కౌన్సెలింగ్ దీనికి పూర్తిగా రివర్స్. అక్కడ పిల్లాడు మాట్లాడతాడు, ఎదుటివాళ్లు వింటారు. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది. ఎందుకంటే మన ఇళ్లల్లో "పద, కౌన్సెలింగ్‌కి వెళ్దాం" అంటే పిల్లలకి అది శిక్షలా వినిపిస్తుంది. పెద్దవాళ్లకేమో పరువు పోయినట్టు అనిపిస్తుంది. ఇద్దరూ భయపడేది అసలు లేని వస్తువుని చూసి.

సరే, ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? రెండు నంబర్లు చెప్తాను.

బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది కదా, వాళ్లు 2015-16 లో నేషనల్ మెంటల్ హెల్త్ సర్వే చేశారు. అందులో 13 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. శాతాలు మనకి సరిగ్గా ఎక్కవు కాబట్టి ఇలా ఊహించుకోండి. 60 మంది ఉన్న క్లాస్‌లో నలుగురు. మీ టెన్త్ క్లాస్‌రూమ్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అందులో నలుగురు. ఎవరా నలుగురు అని మీకు తెలుసా? తెలియకపోవచ్చు. ఎందుకంటే వాళ్లలో ఒకడు క్లాస్ అందరికంటే ఎక్కువ జోకులు వేసేవాడు కూడా అయ్యుండొచ్చు.

రెండో నంబర్ బరువైనది. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల ప్రకారం 2022 లో మన దేశంలో ఆత్మహత్యతో చనిపోయిన విద్యార్థులు 13,044 మంది. అంటే రోజుకి 35 మందికి పైనే. ప్రతి ఒక్కరి వెనకా ఒక్కటే కారణం ఉండదు. "మార్కులు తక్కువొచ్చాయని", "ఫోన్ కొనివ్వలేదని" అని పేపర్ హెడ్డింగ్ పెడుతుంది కానీ, మనిషి అక్కడిదాకా రావడానికి చాలా రోజుల బరువు ఉంటుంది. ఆ చాలా రోజుల్లో ఎక్కడో ఒకచోట ఎవరైనా కూర్చుని వింటే దారి మారే అవకాశం ఉంటుంది. కౌన్సెలింగ్ పనికొచ్చేది అక్కడ. చివరి రోజు కోసం దాచిపెట్టుకునే వస్తువు కాదది.

మరి ఎప్పుడు వెళ్లాలి? "నాకు పిచ్చేం లేదు కదా, నేనెందుకు వెళ్లాలి" అనే డౌట్ మీకు ఉంటే ఈ పార్ట్ జాగ్రత్తగా వినండి.

పిల్లలు బాధని బాధలా చెప్పరు. చిన్నపిల్లలైతే ఒంటితో చెప్తారు. ఆదివారం బాగానే ఉంటాడు, సోమవారం పొద్దున స్కూల్ టైమ్‌కి కడుపునొప్పి. డాక్టర్‌కి చూపిస్తే ఏమీ లేదంటారు. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెడుతుంది. అమ్మ కనబడకపోతే చాలు, ఏడుపు. టీనేజ్‌లో ఇంకోలా ఉంటుంది. పెద్దవాళ్లలో దిగులు దిగుల్లా కనిపిస్తుంది. టీనేజ్‌లో అదే దిగులు చాలాసార్లు కోపంలా కనిపిస్తుంది. అన్నం పెడితే చిరాకు, పలకరిస్తే చిరాకు. రాత్రి మూడింటిదాకా నిద్ర ఉండదు. ఇష్టంగా ఆడే క్రికెట్ మానేస్తాడు. ఫ్రెండ్స్ గ్రూప్‌లోంచి సైలెంట్‌గా ఎగ్జిట్ అయిపోతాడు. హాస్టల్లో ఉన్న అమ్మాయి ప్రతి ఆదివారం ఫోన్‌లో "బాగానే ఉన్నా" అని ఒకే ముక్క చెప్పి పెట్టేస్తుంది.

ఒక్కరోజు ఇలా ఉంటే కంగారు పడక్కర్లేదు. మనిషన్నాక మూడ్ మారుతుంది. కానీ అలాంటి మార్పు రెండు వారాలు దాటి అలాగే ఉంటే, చదువో తిండో నిద్రో దెబ్బతింటుంటే, ఒకసారి వెళ్లి మాట్లాడటం మంచిది. పక్కింటి పిల్లలతో పోల్చకండి. మన పిల్లాడు నిన్నమొన్నటిదాకా ఎలా ఉండేవాడు, ఇప్పుడెలా ఉన్నాడు, అంతే చూడండి.

ఇంకో ముఖ్యమైన మాట. చచ్చిపోవాలనిపిస్తోంది అన్నా, ఒంటికి గాయాలు చేసుకుంటున్నట్టు తెలిసినా రెండు వారాలు ఆగే పని లేదు. అదే రోజు, అదే గంట.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. లోపల ఏం జరుగుతుంది? సినిమాల్లో చూపించేది మర్చిపోండి. వాచీ ఊపి నిద్రపుచ్చడం, కరెంట్ షాక్, అవేమీ ఉండవు.

ఒక మామూలు గది. మూడు నాలుగు కుర్చీలు. చిన్నపిల్లల కౌన్సెలర్ అయితే బొమ్మలు, కలర్ పెన్సిళ్లు, కాగితాలు కూడా ఉంటాయి. ఆరేళ్ల పిల్లాడిని "నీ సమస్యేంటి" అని అడిగితే ఏం చెప్తాడు పాపం? వాడు ఆడుతూ, బొమ్మ గీస్తూ ఉంటే అందులోంచి మాటలు వస్తాయి. అందుకే ఆ బొమ్మలు.

మొదటి సిట్టింగ్ సాధారణంగా ముప్పావు గంట నుంచి గంట. ఎక్కువగా ప్రశ్నలే. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, స్కూల్లో ఎవరితో కూర్చుంటావు, ఇది ఎప్పట్నుంచి మొదలైంది. కాసేపు అమ్మానాన్నలతో కలిసి మాట్లాడతారు. తర్వాత వాళ్లని బయట కూర్చోమని పిల్లలతో విడిగా మాట్లాడతారు. ఇది చూసి కొందరు పేరెంట్స్ ఇబ్బంది పడతారు. "మాకు తెలియకుండా ఏం మాట్లాడతారు?" అని. కానీ ఆ విడిగా మాట్లాడే టైమే ముఖ్యం. అమ్మ పక్కన ఉంటే చెప్పలేనివి చాలా ఉంటాయి కదా.

మరి చెప్పినవన్నీ బయటికి వెళ్తాయా? మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017 అని చట్టం ఉంది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మానసిక వైద్యం తీసుకునేవాళ్ల విషయాలు రహస్యంగా ఉంచాలి అని ఆ చట్టమే చెప్తుంది. 18 నిండనివాళ్ల విషయంలో ట్రీట్‌మెంట్ నిర్ణయాలకి పేరెంట్స్ కానీ గార్డియన్ కానీ ఉండాలి. అలాగని మీరు చెప్పిన ప్రతి మాటా మంచి కౌన్సెలర్ వాళ్లకి అప్పజెప్పరు. విషయం ఎటు వెళ్తోంది, ఇంట్లో ఏం మారాలి, అంతవరకే మాట్లాడతారు.

కానీ ఇందులో కొన్ని లిమిట్స్ ఉన్నాయి, అవి కూడా ముందే తెలుసుకోండి. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందనిపిస్తే కౌన్సెలర్ ఆ విషయం దాచరు, పెద్దవాళ్లకి చెప్పి తీరతారు. అలాగే 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక వేధింపులు జరిగినట్టు తెలిస్తే, పోక్సో చట్టం ప్రకారం ఆ విషయం రిపోర్ట్ చెయ్యాల్సిందే. కౌన్సెలర్ అనే కాదు, తెలిసిన ఎవరైనా సరే. ఇది మిమ్మల్ని ఇరికించడానికి పెట్టింది కాదు, కాపాడటానికి. మొదటి సిట్టింగ్‌లోనే "ఏవి సీక్రెట్‌గా ఉంటాయి, ఏవి ఉండవు?" అని మీరే అడగండి. సూటిగా జవాబు చెప్పారంటే అది మంచి సైన్.

ఇప్పుడు ఫ్యామిలీ సంగతి. మన దగ్గర చాలామంది పేరెంట్స్ పిల్లాడిని తీసుకెళ్లేది ఎలా ఉంటుందంటే, ఫోన్ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చినట్టు. "డిస్‌ప్లే పోయింది, చూడండి, సాయంత్రం వచ్చి తీసుకుంటాం." కానీ పిల్లాడి విషయంలో అలా కుదరదు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇది నేను అల్లిందే, ఎవరి ఇంటి కథా కాదు. ఒక ఎనిమిదో తరగతి కుర్రాడు. రాత్రి తొమ్మిదైతే చాలు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గేమ్‌లో దిగిపోతాడు. పన్నెండు, ఒంటిగంట. పొద్దున లేవడు. మార్కులు పడిపోయాయి. నాన్న ఫోన్ లాక్కుంటే గోడకి తలకొట్టుకుంటాడు. ఇంట్లోవాళ్ల కంప్లయింట్ ఒక్కటే: "ఫోన్ పిచ్చి, మాన్పించండి."

కౌన్సెలర్ అడిగే ప్రశ్న వేరేగా ఉంటుంది. "నాన్నా, తొమ్మిదికే ఎందుకు? తొమ్మిదికి ఇంట్లో ఏం జరుగుతుంది?" అని. వాడు చాలాసేపు ఏమీ చెప్పడు. రెండో సిట్టింగ్‌లోనో మూడో సిట్టింగ్‌లోనో చెప్తాడు. తొమ్మిదికి నాన్న షాపు కట్టేసి వస్తాడు. అప్పు గురించి అమ్మకీ నాన్నకీ గొడవ మొదలవుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ అరుపులు వినపడవు.

ఇప్పుడు చెప్పండి, ఇక్కడ రిపేర్ చెయ్యాల్సింది ఎవరిని? సాఫ్ట్‌వేర్‌లో మేం రోజూ చూసేదే ఇది. ఎర్రర్ ఒక స్క్రీన్ మీద కనిపిస్తుంది, తప్పు ఇంకో ఫైల్‌లో ఉంటుంది. ఆ పిల్లాడు ఆ ఇంటికి ఎర్రర్ మెసేజ్ లాంటివాడు. మెసేజ్ రాకుండా చేస్తే ప్రాబ్లమ్ పోదు.

అలాగని ఆ తల్లిదండ్రులు చెడ్డవాళ్లా? కానే కాదు. అప్పు నిజం, టెన్షన్ నిజం, అర్ధరాత్రిదాకా వాళ్లకీ నిద్ర ఉండదు. వాళ్ల మాట కూడా వినేవాళ్లు ఎవరూ లేరు. ఫ్యామిలీ కౌన్సెలింగ్‌లో వాళ్ల మాట కూడా వింటారు. తప్పు ఎవరిదో తేల్చే పంచాయితీ కాదది. చివరికి తేలేవి చాలా చిన్న మార్పులు. డబ్బు విషయం పిల్లలు పడుకున్నాక మాట్లాడుకుందాం. రాత్రి భోజనం పావుగంట అందరం కలిసి చేద్దాం, ఆ పావుగంటలో మార్కుల టాపిక్ వద్దు. ఫోన్ ఒక్కసారిగా లాక్కోకుండా కొంచెం కొంచెంగా టైమ్ తగ్గిద్దాం. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. ఒక నెల చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. అందుకే మళ్లీ మళ్లీ సిట్టింగులు ఉంటాయి. ఒక్కసారి వెళ్లి "ఏం మారలేదండి" అనకండి. జిమ్‌కి ఒక్కరోజు వెళ్లి అద్దంలో చూసుకున్నట్టు ఉంటుంది.

ఇంకొకటి. కౌన్సెలింగ్ అన్నీ చెయ్యలేదు. అప్పు అది తీర్చదు. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదిదాకా స్టడీ అవర్స్ పెట్టే కాలేజీ టైమ్‌టేబుల్‌ని కౌన్సెలర్ మార్చలేరు. హాస్టల్ పిల్లకి సరిపోవట్లేదు అంటే, ఒక్కోసారి హాస్టల్ మార్పించడమో, ఇంటి దగ్గర కాలేజీలో వెయ్యడమో చెయ్యాల్సింది అమ్మానాన్నలే. ఫీజు కట్టేశాం కదా అని ఆగిపోకండి.

సరే, ఎక్కడికి వెళ్లాలి? డబ్బులెంత? ఇక్కడ పెన్నూ పేపర్ తీసుకోండి, లేదా స్క్రీన్‌షాట్.

మొదటిది టెలి మానస్. నంబర్ 14416. కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబర్ 10 న మొదలుపెట్టింది. ఆంధ్రాలో, తెలంగాణలో, ఎక్కడున్నా ఇదే నంబర్. ఫ్రీ. 24 గంటలూ ఉంటుంది. కాల్ చేస్తే ముందు భాష ఎంచుకోవాలి, తెలుగు ఉంది. తర్వాత ట్రైనింగ్ తీసుకున్న కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరం అనిపిస్తే సైకాలజిస్ట్‌కో సైకియాట్రిస్ట్‌కో కనెక్ట్ చేస్తారు, లేదా మీ దగ్గర్లోని ఆసుపత్రికి పంపిస్తారు. "ఏం మాట్లాడాలో తెలీదు" అనుకుంటే అదే చెప్పండి. "ఏం చెప్పాలో తెలీట్లేదండి, కానీ నాకు బాగోలేదు." కాల్ మొదలవ్వడానికి ఆ ఒక్క వాక్యం చాలు. పేరెంట్స్ కూడా చెయ్యొచ్చు. "మా అమ్మాయి రూమ్‌లోంచి బయటికి రావట్లేదు, ఎలా మాట్లాడాలి?" అని అడగొచ్చు.

రెండోది 1098, చైల్డ్ హెల్ప్‌లైన్. 18 ఏళ్ల లోపు పిల్లల కోసం. ఇది కూడా ఫ్రీ, 24 గంటలు. కొట్టడం, వేధించడం, పనిలో పెట్టడం, బాల్యవివాహం, ఇంట్లోనే భద్రత లేకపోవడం, ఇలాంటి వాటికి ఇది. సమస్య ఇంట్లోవాళ్లతోనే అయితే "ఇంట్లో చెప్పండి" అనే సలహా పనికిరాదు కదా. అలాంటప్పుడు 1098. ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీ అయితే 112 లేదా 108.

మూడోది గవర్నమెంట్ ఆసుపత్రి. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కూడా ఉంది. 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం 2014 లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ అని మొదలైంది. దాని కింద కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీనేజ్ పిల్లలకి విడిగా క్లినిక్‌లు పెట్టారు. మీ దగ్గర ఉందో లేదో ఆశా వర్కర్‌నో ఏఎన్ఎమ్‌నో అడగండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో మెంటల్ కేర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెప్తే మనం నవ్వుతాం. సినిమాల్లో ఎన్ని జోకులు వేశారో లెక్క లేదు. కానీ అక్కడికి రోజూ బస్సెక్కి వచ్చే మామూలు కుటుంబాలు ఉన్నాయి, ఓపీ చీటీ రాయించుకుని, చూపించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతాయి. ఆ జోకుల వల్ల ఆగిపోయిన కుటుంబాలు ఎన్నో మనకి తెలీదు. ఇకమీదట ఆ జోక్ వచ్చినప్పుడు మీరు ఫార్వర్డ్ చెయ్యకండి చాలు.

నాలుగోది ప్రైవేట్. ఇక్కడ కాస్త జాగ్రత్త. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీ చదివిన డాక్టర్, మందులు రాయగలరు. సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటల ద్వారా థెరపీ చేస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. అడగండి, అడగడం తప్పేం కాదు. "మూడు రోజుల్లో మీ పిల్లాడిని టాపర్ చేస్తాం, మైండ్ పవర్ పెంచుతాం" అనే రీల్స్ చూసి డబ్బులు కట్టకండి. మంచి కౌన్సెలర్ గ్యారంటీ ఇవ్వరు. మొదటివాళ్లు సెట్ కాకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లొచ్చు. మొదటిసారి నచ్చలేదని మొత్తానికే వదిలెయ్యకండి.

ఐదోది మీ స్కూల్, మీ కాలేజీ. ఇది చాలామందికి తెలీదు. 2023 లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. వాళ్ల నాన్నగారు న్యాయం కోసం సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 2025 జులై 25 న తీర్పు వచ్చింది. ఆ కేసుని సీబీఐకి ఇవ్వడంతోపాటు, దేశం మొత్తానికి వర్తించేలా కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ.

అందులో మనకి పనికొచ్చేవి చెప్తా. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులు ఉన్న సంస్థలో కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలి. చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. మార్కులని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం చెయ్యకూడదు. టెలి మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో, వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేలా పెట్టాలి. స్టాఫ్‌కి ఏడాదికి కనీసం రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి.

ఇప్పుడు మీ కాలేజీ నోటీస్ బోర్డు గుర్తు తెచ్చుకోండి. 14416 ఉందా? ర్యాంకర్ల ఫోటోలు మాత్రం గేటుదాకా ఉంటాయి. స్టార్ బ్యాచ్, దాని కింద ఇంకో బ్యాచ్, ఇంకా ఉన్నాయా? పేరెంట్స్, ఈసారి ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరండి? మా అమ్మాయి ఏ రోజు కలవొచ్చు?" బస్సు రూటు అడుగుతాం, ఏసీ ఉందా అని అడుగుతాం. ఇది కూడా అడుగుదాం. పదిమంది అడిగితే ఆన్సర్ రెడీ చేసుకోక తప్పదు.

ఇక ఈ వీడియోలో మోస్ట్ ఇంపార్టెంట్ పార్ట్. ఇంట్లో ఎలా అడగాలి?

"నాకు డిప్రెషన్, నన్ను సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి" అని మొదలుపెడితే చాలా ఇళ్లల్లో తలుపు అక్కడే మూసుకుంటుంది. "నీకేం తక్కువ చేశాంరా?" అంటారు. వాళ్లు అడిగేది కోపంతో కాదు, తప్పు వాళ్లదే అన్నట్టు వినపడుతుంది కాబట్టి. అందుకే వాళ్లకి అర్థమయ్యే చోటి నుంచి మొదలుపెట్టండి. ఒంటి గురించి చెప్పండి. "అమ్మా, మూడు వారాలుగా నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. పుస్తకం తీస్తే గుండె దడదడలాడుతోంది. తినాలనిపించట్లేదు. నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా. కానీ నాకు ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది. ఒక్కసారి తీసుకెళ్లు."

టైమ్ చూసుకోండి. రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం వద్దు, నాన్న డ్యూటీ నుంచి వచ్చిన ఐదు నిమిషాల్లో వద్దు. బండి మీద పక్కపక్కన వెళ్లేటప్పుడో, వంటింట్లో అమ్మకి కూరగాయలు తరిగిపెట్టేటప్పుడో. ముఖంలోకి ముఖం చూడక్కర్లేని చోట మాట తేలిగ్గా వస్తుంది. నోటితో చెప్పలేకపోతే వాట్సాప్‌లో రాయండి. అమ్మానాన్నలకి డైరెక్ట్‌గా చెప్పలేకపోతే మధ్యలో ఒక మనిషిని పట్టుకోండి. అక్కో, పిన్నో, మావయ్యో, అమ్మమ్మో. నాన్న ఎవరి మాట వింటారో మీకు బాగా తెలుసు. ట్యూషన్ మాస్టారైనా సరే.

ఇంట్లో వచ్చే ప్రశ్నలు కూడా మనకి తెలుసు కదా, ఒక్కొక్కటి చూద్దాం.

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" ఉన్నాయి. పేర్లు లేవు, అంతే. ప్రతి ఊళ్లో "ఆయన అంతే, ఎవరితో కలవడు" అని వదిలేసిన మనిషి ఒకరు ఉండేవారు.

"నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు? రేపు పెళ్లి సంబంధాలు రావాలి కదా?" ఆడపిల్లల ఇంట్లో ఈ భయం ఎక్కువ. ఇందాక చెప్పాను, ఆ వివరాలు బయటపెట్టకూడదని చట్టమే ఉంది. 14416 అయితే గడప కూడా దాటక్కర్లేదు.

"మందులు అలవాటైపోతాయి." కౌన్సెలర్ మందులివ్వరు. అందరికీ మందులు అవసరం ఉండవు. అవసరమైతే సైకియాట్రిస్ట్ చూసి రాస్తారు, ఎన్నాళ్లో వాళ్లే చెప్తారు. మధ్యలో మీ అంతట మీరు ఆపెయ్యకండి.

"దిష్టి తగిలింది, తాయెత్తు కట్టిద్దాం." కట్టించుకోండి. గుడికి, దర్గాకి, చర్చికి, మీకు నమ్మకం ఉన్నచోటికి వెళ్లండి. అక్కడి నుంచి వచ్చేటప్పుడు ఆసుపత్రికి కూడా వెళ్దాం అనండి. రెండింటికీ గొడవ పెట్టక్కర్లేదు.

"పోలీస్ కేసు అవుతుందేమో." ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్లున్న ఇళ్లల్లో ఈ భయం ఉంటుంది. 2017 చట్టం ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి. వాళ్లకి వైద్యం, సంరక్షణ అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చెయ్యకండి.

చివరిగా ఫ్రెండ్స్ గురించి. టీనేజ్‌లో మనసులో మాట ముందు చేరేది ఫ్రెండ్ దగ్గరికే. అర్ధరాత్రి మీ ఫ్రెండ్ "ఇంక నావల్ల కాదురా" అని మెసేజ్ పెట్టాడనుకోండి. "లైట్ తీస్కో మామా" అనకండి. మీమ్ పంపకండి. కాల్ చెయ్యండి. సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడకండి, పుట్టదు. అడిగారు కాబట్టి వాడికి చెప్పుకునే చోటు దొరుకుతుంది. వాడు చెప్పేది వినండి, సలహాలు తర్వాత. వాడిని ఒంటరిగా వదలకండి. దూరంగా ఉంటే వాడి రూమ్‌మేట్‌కో ఇంట్లోవాళ్లకో వెంటనే ఫోన్ చెయ్యండి. 14416 కి మీరే కాల్ చేసి ఏం చెయ్యాలో అడగండి.

"ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటే ఒట్టు వెయ్యకండి. "నీ మీద కోపం వచ్చినా పర్లేదు, నువ్వు ఉండాలి, అందుకే చెప్తున్నా" అనండి. వాడు నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. పర్లేదు, నాలుగు రోజుల తర్వాత మాట్లాడటానికి వాడు ఉంటాడు. అలాగే, వాడి బరువు మొత్తం మీరొక్కరే మొయ్యకండి. మీరు ఫ్రెండ్, డాక్టర్ కాదు. ఒక పెద్ద మనిషికి అందించడంతో మీ పని సగం అయిపోయింది.

ఇప్పుడు ఈ వీడియో పాజ్ చేసి ఒక పని చెయ్యండి. ఫోన్‌లో 14416 సేవ్ చేసుకోండి. ఏ పేరుతో సేవ్ చేస్తారో మీ ఇష్టం, 'మానస్ అక్క' అని పెట్టుకున్నా ఓకే. మీకు అవసరం పడకపోవచ్చు. మీ క్లాస్‌లో ఆ నలుగురిలో ఒకరికి పడొచ్చు. ఈ వీడియోని ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా పెట్టండి. ఇంట్లో నేరుగా చెప్పలేనివాళ్లకి అదే ఒక మొదటి మాట అవుతుంది.

పేరెంట్స్ ఎవరైనా ఇక్కడిదాకా చూశారంటే మీకు థాంక్స్ అండి. ఈరోజు రాత్రి అన్నం తినేటప్పుడు పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి: "ఎలా ఉన్నావు?" అని. జవాబు వచ్చేదాకా ఆగండి. మధ్యలో సలహా ఇవ్వకండి. పది నిమిషాలు, అంతే. కౌన్సెలింగ్‌లో ఉండేది ఎక్కువగా ఇదే. మనకి చేతకాని చోట, దాన్ని నేర్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఉంటాను మరి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి.